కాపు ఉడిగిన పెరటి తోట: పీకాలా, కోయాలా, వదిలేయాలా?

శివరాత్రి వెళ్ళి ఎండ ముదిరేసరికి పెరటి తోటల్లోనూ మిద్దె తోటల్లోనూ ఒకటే దృశ్యం. టమాటా కింది ఆకులు పసుపెక్కి రాలిపోతుంటాయి. చిక్కుడు పందిరి ఎండుకాయలతో గలగలలాడుతుంది. బెండ మనిషి ఎత్తుకు ఎదుగుతుంది, కాయ మాత్రం కోసేలోపే పీచు కడుతుంది. వంగ చెట్టుకు నాలుగు కాయలుంటే అందులో మూడు పుచ్చులే. శీతాకాలపు కాపు ఉడిగిందని, తోట తీసేయాల్సిన వేళ వచ్చిందని చూడగానే తెలుస్తుంది. తీసేయడం ఎలా అన్న దగ్గరే గందరగోళం.

ఒకరు అన్నీ వేళ్ళతో సహా పీకి, నేల తిరగేసి, ఎండకు మాడనివ్వమంటారు. ఇంకొకరు వేళ్ళను కదిలించవద్దని, నేలమట్టానికి కోసి ఆకు అలమను అక్కడే కప్పమంటారు. మూడో సలహా ప్రకారం నేల ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండకూడదు, వెంటనే పచ్చిరొట్ట (పూత దశలో కోసి నేలకే ఎరువుగా ఇచ్చే పైరు) విత్తనాలు చల్లాలి. మూడింటి వెనుకా నిజమైన కారణాలు ఉన్నాయి. ఏ మడికి ఏ కారణం వర్తిస్తుందో చూడకుండా తోటంతటికీ ఒకే సలహాను అమలు చేయడం వల్లే నష్టం జరుగుతోంది.

సంక్షిప్తంగా: తోట తీయడాన్ని శుభ్రం చేసే పనిగా కంటే, ఆ ఏడాది మొక్కలు ఎలా పోయాయో పరీక్షించే పనిగా చూడాలి. తెగులు ఆకుల్లో ఉందా, వేళ్ళలో ఉందా, మట్టిలో ఉందా అన్నదాన్ని బట్టి మొక్కను కోయాలో, పీకాలో, బయట పారేయాలో తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న వేళ్ళను నేలలో వదలడం మేలు, బుడిపెలున్న వేళ్ళను వదలడం చేటు. మడిని ఎండకు మాడ్చాలా, పచ్చగా కప్పాలా అన్న వాదానికీ సమాధానం వేళ్ళ దగ్గరే దొరుకుతుంది.

మంచు దేశాల సలహా, మన పెరడు

తోట ముగింపు గురించి అంతర్జాలంలో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలది. అక్కడ కాలం ముగిసేది శరదృతువులో. ఒక రాత్రి మంచు గడ్డకడితే తెల్లారేసరికి టమాటా, మిరప, సొర నల్లబడి వేలాడిపోతాయి. ఆ తర్వాత నెలల తరబడి నేల గడ్డకట్టి ఉంటుంది, లేదా అతి చల్లగా ఉంటుంది. చాలా పురుగుల సంతతి అక్కడితో తెగిపోతుంది, మట్టిలో కుళ్ళే ప్రక్రియ కూడా దాదాపు ఆగిపోతుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పెరట్లో గోంగూర వేసుకునే తెలుగువారికి ఇది స్వయంగా తెలిసిన సంగతి. గోంగూర పగటి పొద్దు కుదించుకుపోయాకే పూస్తుంది. ఉత్తరాన చలి ముందుగా వచ్చే చోట్ల పూత కాయై, కాయ విత్తనమయ్యేలోపే మంచు చెట్టును చంపేస్తుంది. అందుకే అక్కడ ఆకు ఎంత పుష్కలంగా వచ్చినా సొంత గోంగూర విత్తనం కట్టుకోవడం కష్టం.

తెలుగు నేలలో ఆ చలి లేదు. ఇక్కడ పురుగుకు, తెగులుకు అడ్డుకట్ట వేసేది వేసవి. చైత్రం నుంచి రోహిణి కార్తె దాకా వాన లేక, పంట లేక, నేల నెర్రెలు విచ్చి ఎండిపోతుంది. మెట్ట పొలాల్లో వేసవి దుక్కులు దున్నేది ఇందుకే. కింది మట్టి పైకి వచ్చి, అందులోని పురుగుల కోశస్థ (ప్యూపా) దశలూ గుడ్లూ కలుపు వేళ్ళూ ఎండకు మాడతాయి. ఆశ్రయమిచ్చే పచ్చని మొక్క లేక తెల్లదోమ, పేనుబంక వంటివి బాగా తగ్గుతాయి.

పెరటి తోటకు ఈ విరామం దొరకదు. రోజూ నీళ్ళు పడుతూనే ఉంటాయి. ముదిరిన టమాటా పక్కనే కొత్త టమాటా నారు ఉంటుంది. ఎండిపోతున్న బెండ పక్కన లేత బెండ మొలుస్తుంది. తెల్లదోమకు పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి మారడానికి జానెడు దూరం కూడా ఉండదు. పొలంలో ఒక పంటతో పోయే తెగులు పెరట్లో ఏడాది పొడవునా తిరగడానికి ప్రధాన కారణం ఇదే. కాబట్టి నాలుగు కాయల కోసం ముదుసలి మొక్కలను నెలల తరబడి ఉంచడం లాభసాటి కాదు. ఆ నాలుగు కాయల మూల్యాన్ని తర్వాతి కాపు చెల్లిస్తుంది.

వేరు చెప్పే సంగతులు

తోట తీసే రోజు మొదట చేయాల్సిన పని ఒకటే. ప్రతి మడి నుంచి, ప్రతి రకం నుంచి ఒక్కో మొక్కను జాగ్రత్తగా తవ్వి తీయాలి. లాగితే సన్నవేళ్ళు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. అసలు చూడాల్సింది వాటినే. మొక్క చుట్టూ జానెడు దూరంలో పలుగు దించి మట్టిగడ్డతో సహా పైకెత్తి, బక్కెట్ నీళ్ళలో మెల్లగా ఆడిస్తే వేళ్ళు తేటగా కనిపిస్తాయి.

తెల్లగానో లేత గోధుమ రంగులోనో సన్నగా, నునుపుగా, గుబురుగా ఉంటే ఆ మొక్క వయసు మళ్ళి ఎండినట్టు. అక్కడ భయపడాల్సింది లేదు. వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉబ్బి, దండలో పూసల్లా బుడిపెలు కట్టి ఉంటే అది వేరుబుడిపె నులిపురుగుల (మట్టిలో ఉండి వేళ్ళలో దూరే, కంటికి ఆనని నెమటోడ్ల) పని. టమాటా, వంగ, బెండ, కాకర, బీర దీనికి బాగా లొంగుతాయి. మొక్క పైకి పెద్దగా ఏమీ చెప్పదు. మధ్యాహ్నం వాలిపోతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది, ఎరువు వేసినా ఎదగదు. చాలామంది నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. ఒక్క ఆడ నులిపురుగు వందల గుడ్లు పెడుతుంది. వెచ్చని మట్టిలో సుమారు నెల రోజులకు ఒక తరం పూర్తవుతుంది. అంటే ఐదు నెలల టమాటా కాపులో నాలుగైదు తరాలు. అలాంటి మొక్కను నేలమట్టానికి కోసి వేళ్ళను వదిలేస్తే, వచ్చే పంటను కొరకడానికి సిద్ధంగా ఉన్న గుడ్ల సంచులను మట్టిలో దాచిపెట్టినట్టే.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. చిక్కుడు, అలసంద, పెసర, వేరుశనగ వేళ్ళ మీదా బుడిపెలు ఉంటాయి. అవి నత్రజనిని పట్టే మేలు చేసే బుడిపెలు. రెండింటికీ తేడా వేలితోనే తెలుస్తుంది. మేలు చేసే బుడిపె వేరుకు పక్కగా అంటుకుని ఉంటుంది, గోటితో నెడితే ఊడి వస్తుంది, పని చేస్తున్న దశలో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు కట్టిన బుడిపెలో ఉబ్బినది ఆ వేరు భాగమే కాబట్టి అది ఊడదు, బలంగా లాగితే ఆ వేరు తెగుతుంది. ఈ తేడా తెలియక మంచి అలసంద వేళ్ళను బయట పారేసినవారూ ఉంటారు, చెడ్డ అలసంద వేళ్ళను భద్రంగా మట్టిలో కప్పినవారూ ఉంటారు. అలసందకు రెండు రకాల బుడిపెలూ ఒకేసారి రావచ్చు.

పచ్చగా ఉన్న టమాటానో వంగనో రెండు మూడు రోజుల్లో ఆకు రంగు కూడా మారకుండా వాడి చనిపోతే బాక్టీరియా ఎండు తెగులును అనుమానించాలి. దీనికి వంటింట్లోనే పరీక్ష ఉంది. గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి, మొదలు దగ్గరి కాండాన్ని వేలెడు ముక్క కోసి, కోసిన కొస నీళ్ళలో మునిగేలా కదలకుండా పట్టుకోవాలి. తెగులు ఉంటే కొద్ది నిమిషాల్లో ఆ కొస నుంచి పాలలాంటి సన్నని దారాలు కిందికి జారుతాయి. ఆ దారాలన్నీ బాక్టీరియాయే. పాలదారం రాకుండా, కాండం నిలువునా చీల్చితే లోపల గోధుమరంగు చార కనిపిస్తే అది శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు కావచ్చు. ఆ శిలీంధ్రం గట్టి బీజాల రూపంలో మట్టిలో ఏళ్ళ తరబడి బతకగలదు. ఇక మొదలు దగ్గర తెల్లని దూదిలాంటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్రని గింజలు ఉంటే మొదలు కుళ్ళు తెగులు. ఆ గింజలు విత్తనాలు కావు, శిలీంధ్రం తన కరవు కాలానికి కట్టుకున్న మూటలు. మొక్కతో పాటు పైపైని మట్టిని కూడా ఎత్తి పారేయాల్సిన సందర్భం ఇది.

వీటికి భిన్నంగా, చూడటానికి భయంకరంగా ఉన్నా మట్టికి హాని చేయని తెగుళ్ళు కొన్ని ఉన్నాయి. బెండకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులును తెల్లదోమ ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోస్తుంది. టమాటా ఆకుముడత వైరస్‌ కూడా తెల్లదోమతోనే పాకుతుంది. వంగ ఆకులు చిన్నవైపోయి చీపురులా మారే వెర్రి తెగులును మోసేవి పచ్చదోమ జాతి పురుగులు. ఇవి మట్టిలో నిలిచేవి కావు, బతికున్న మొక్కే వాటి ఇల్లు. కాబట్టి ఆ మొక్క ఎండిన తర్వాత కంపోస్టులో వేసినా భయం లేదు. పచ్చగా నిలబెట్టి ఉంచడమే ప్రమాదం. ఆకు చూసి జాలిపడకుండా కనిపించిన రోజే తీయాల్సినవి ఇవి. ఆకుల మీద తెగులు ఉందని మట్టినంతా మార్చడం, వేళ్ళలో తెగులు ఉంటే ఆకులను మాత్రం ఏరేయడం తరచూ కనిపించే తలకిందుల పనులు.

రాలిన కాయలను మరవకూడదు. కాకర, బీర, దోస, సొర కాయలకు కాటు వేసే పండు ఈగ పిల్లపురుగు, కాయ రాలగానే బయటికి వచ్చి మట్టిలో కొద్ది అంగుళాల లోతుకు దిగి కోశం కట్టుకుంటుంది. వెచ్చని రోజుల్లో వారం పది రోజులకు ఈగై తిరిగి వస్తుంది. పాదు తీసి రాలిన కాయలు అక్కడే వదిలితే తోట సగమే తీసినట్టు. వాటిని గట్టి పాలిథిన్ సంచిలో మూతికట్టి ఎండలో ఉంచితే పురుగు లోపలే చస్తుంది. పాతిపెట్టేటట్లయితే గుంట రెండడుగులు ఉండాలి. పైపైన కప్పితే ఈగ మట్టిని తోసుకుని వచ్చేస్తుంది. వంగ కాయ తొలిచే పురుగు కథ వేరు. అది ఎండిన ఆకుల్లో, పుల్లల్లో, నేల మీది చెత్తలో గూడు కట్టుకుంటుంది. పొయ్యిలోకి పనికొస్తాయని పాత వంగ కట్టెను గోడకు చేర్చి పెట్టే అలవాటు పల్లెల్లో ఉంది. ఆ మోపు నుంచి వచ్చిన రెక్కల పురుగులే పక్కన పెట్టిన కొత్త వంగ నారు మీద గుడ్లు పెడతాయి.

మంచి వేరును నేలలో ఎందుకు వదలాలి

పరీక్షలో వేళ్ళు శుభ్రంగా తేలిన మడిలో పీకడం వల్ల వచ్చే లాభం తక్కువ, పోయేది ఎక్కువ. ఐదు నెలల పాటు వేళ్ళు మట్టిలో సన్నని దారులు వేస్తాయి. వేరు చివికితే ఆ దారి ఖాళీ అవుతుంది. తొలకరి నీరు, గాలి అందులోంచి దిగుతాయి, కొత్త వేరు కూడా అదే దారి పడుతుంది. బంకమట్టి పెరళ్ళలో ఇది పలుగు చేయలేని పని. మొక్కను మట్టి మట్టానికి కత్తెరతో కోసి, మొదలును వదిలితే చాలు. గుంజుకుని లాగితే పై మట్టి పెళ్ళలై లేచి, దారులన్నీ కూలిపోతాయి.

చిక్కుడు జాతి వేళ్ళ గురించి మాత్రం ఒక అతిశయోక్తిని సవరించుకోవాలి. ఆ వేళ్ళను వదిలితే వచ్చే పంటకు ఇక ఎరువు అక్కరలేదన్న మాట నిజం కాదు. కాయ గింజ పట్టే దశలో మొక్క తన ఆకుల్లోని, వేళ్ళలోని నత్రజనిలో అధిక భాగాన్ని గింజకు తరలిస్తుంది. అప్పటికి వేరు మీది బుడిపెలు గులాబీ రంగు పోయి, గోధుమరంగుకు మారి, నొక్కితే ఖాళీగా ఉంటాయి. గింజను కోసుకుని, ఆకును బయట వేసి, వేరును మాత్రం వదిలితే నేలకు దక్కే నత్రజని కొద్దిదే. పచ్చిరొట్టగా వేసిన జనుమును పూత దశలో కోయమనడం వెనుక ఉన్న లెక్క కూడా ఇదే. అప్పటికింకా నత్రజని మొక్క ఒంట్లోనే ఉంటుంది.

కోసిన ఆకు అలమను ఎక్కడ వేయాలన్నదీ ఒక లెక్క ప్రకారం జరగాలి. పాలకూర, తోటకూర, లేత తీగలు మెత్తనివి, వాటిలో నత్రజని పాలు ఎక్కువ, త్వరగా చివికి నేలకు ఇస్తాయి. కట్టెబారిన బెండ, వంగ, కంది కాడల్లో కార్బన్ చాలా ఎక్కువ. వాటిని ముక్కలు చేసి మట్టిలో కలిపితే, వాటిని తినే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని చుట్టుపక్కల మట్టి నుంచి లాక్కుంటాయి. అదే మడిలో వెంటనే విత్తిన మొలకలు కొన్ని వారాల పాటు పాలిపోయి నిలబడతాయి. ఎరువు వేశాక కూడా మొలకలు ఇలా ఉన్నాయేమిటని ఆశ్చర్యపోయే చాలా సందర్భాలకు కారణం ఇదే. ఇదే కాడను మట్టిలో కలపకుండా పైన పరిస్తే ఈ పోటీ మట్టి అంచుకే పరిమితమవుతుంది. కాడ నెమ్మదిగా చివుకుతూ నేలకు నీడ ఇస్తుంది.

కంపోస్టు కుప్ప ఏం చంపుతుంది, ఏం చంపదు

తెగులు మొక్కలను కంపోస్టులో వేయవచ్చా అన్న ప్రశ్నకు పుస్తకాల్లో దొరికే సమాధానం పెద్ద కుప్పలను దృష్టిలో పెట్టుకుని రాసింది. కుప్ప లోపల 55 డిగ్రీల సెల్సియస్ వేడి కొన్ని రోజుల పాటు నిలిస్తే, బయటి అంచు కూడా లోపలికి వచ్చేలా తిరగేస్తే, మొక్కల తెగుళ్ళలో చాలావరకు, కలుపు విత్తనాల్లో ఎక్కువ భాగం చస్తాయి. ఆ వేడి పుట్టాలంటే కుప్ప దాదాపు మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి. నత్రజని ఒక పాలుకు కార్బన్ 25 నుంచి 30 పాళ్ళు ఉండాలి. పిండితే చుక్క రాలీ రాలనంత తడి ఉండాలి.

బాల్కనీలో పెట్టే చిల్లుల డబ్బా, కుండ కంపోస్టు ఆ వేడిని చేరవు. పుట్టిన వేడి పుట్టినట్టే గోడల నుంచి పోతుంది. వానపాముల ఎరువు అసలే వేడెక్కకూడదు, వేడెక్కితే పాములే చస్తాయి. దీనికి రుజువు కోసం ప్రయోగశాలకు వెళ్ళనక్కరలేదు. ఇంటి కంపోస్టు వేసిన కుండీలో అడగకుండానే టమాటా, గుమ్మడి మొలకలు లేస్తే ఆ కంపోస్టులో విత్తనాన్ని చంపే వేడి పుట్టలేదన్నమాట. విత్తనం బతికిన చోట శిలీంధ్ర బీజాలు, నులిపురుగు గుడ్లు కూడా బతికే అవకాశం ఉంది. అందుకే వేరు తెగులు, ఎండు తెగులు ఉన్న మొక్కలకు ఇంటి కంపోస్టులో చోటు లేదు. వేళ్ళను తారు రోడ్డులా కాగే డాబా మీద వారం పది రోజులు పెళపెళలాడేలా ఎండబెట్టి, పురపాలక చెత్త బండికి ఇవ్వడం సురక్షితం.

కాల్చడం సులభమైన దారిగా కనిపిస్తుంది. కానీ నత్రజని, గంధకం పొగలో పోతాయి, మిగిలే బూడిదలో పొటాష్ ఉన్నా అది క్షార గుణం కలది. బోరు నీటితో ఇప్పటికే ఉప్పు పేరుకునే మట్టికి అది మరింత భారం. పైగా 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానాగా నిర్ణయించింది.

ఎండకు మాడ్చడమా, పచ్చగా కప్పడమా

రెండు బడుల (ఆలోచనా ధోరణుల) మధ్య అసలు వాదం ఇక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచమంటుంది. తొలకరికి ముందే పొడినేలలో నవధాన్యాలు, పప్పు జాతులు, ఆకుకూరలు వంటి రకరకాల విత్తనాలను కలిపి చల్లే పద్ధతి ఆ ఆలోచన నుంచి వచ్చిందే. బతికున్న వేరు తాను తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత మట్టిలోకి వదులుతుంది, దాని మీద ఆధారపడి సూక్ష్మజీవులు బతుకుతాయి. వేళ్ళతో కలిసి జీవించే మేలు శిలీంధ్రాలకు ఆతిథ్యమిచ్చే మొక్క నిరంతరం కావాలి. నేల బోసిపోతే అవి క్షీణిస్తాయి.

రెండో బడి వేసవి దుక్కులది. దాని ఆధునిక రూపమే పాలిథిన్ కప్పి మట్టిని ఉడికించడం. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జాకబ్ కటాన్ బృందం ఈ పద్ధతిని పరిశోధన పత్రంగా వెలువరించింది. మడిని గుల్ల చేసి, నీళ్ళతో బాగా తడిపి, పల్చని పారదర్శక పాలిథిన్ పట్టాను నేలకు అంటుకునేలా పరిచి, అంచులను మట్టిలో పూడ్చి, మండే ఎండల్లో 4 నుంచి 6 వారాలు ఉంచాలి. పై 5 సెంటీమీటర్ల మట్టి 45 నుంచి 55 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. లోతుకు పోయేకొద్దీ వేడి తగ్గుతుంది, అడుగు లోతున 40 డిగ్రీలు దాటడం కష్టం. నల్ల పట్టా వేడిని తానే పీల్చుకుంటుంది, పారదర్శకమైనది ఎండను మట్టి దాకా దించుతుంది. అందుకని ఈ పనికి నల్ల పట్టా సరైనది కాదు. తడి కూడా తప్పనిసరి. పొడిమట్టి వేడిని కిందికి మోయదు, పైగా నిద్రలో ఉన్న బీజాలు పొడిలో వేడిని తట్టుకుంటాయి. తడి తగిలి అవి మేల్కొన్నాకే వేడికి లొంగుతాయి.

దీనికి హద్దులూ ఉన్నాయి. తుంగ గడ్డలు చావవు. లోతులో ఉన్న బాక్టీరియా ఎండు తెగులుకు అంతగా పనిచేయదు. మేలు చేసే జీవుల్లో కొన్నీ పోతాయి కాబట్టి పట్టా తీసిన తర్వాత మంచి కంపోస్టు ఇవ్వాలి. ఆ తర్వాత లోతుగా తవ్వకూడదు, తవ్వితే ఉడకని మట్టి పైకి వచ్చి శ్రమ వృథా అవుతుంది.

ఈ రెండు బడులూ ఒకదాన్నొకటి కాదనేవిగా కనిపిస్తాయి కానీ, అవి జవాబిస్తున్న ప్రశ్నలు వేరు. వేళ్ళు శుభ్రంగా ఉన్న మడిని పాలిథిన్ కింద ఉడికించడం అనవసరమైన శిక్ష. అక్కడ ఆచ్ఛాదన (ఆకు అలమతో నేలను కప్పడం), పచ్చిరొట్ట సరైనవి. బుడిపెలున్న మడిలో ఎప్పుడూ పచ్చగా ఉంచాలన్న నియమాన్ని గుడ్డిగా పాటిస్తే నులిపురుగుకు నిత్యాన్నదానం చేసినట్టవుతుంది. కలిపి చల్లే విత్తనాల్లో అలసంద వంటి వాటికి నులిపురుగు పట్టే అవకాశం ఎక్కువ. అలాంటి మడిని ముందు ఉడికించాలి. పాలిథిన్ వాడటం ఇష్టం లేకపోతే నులిపురుగుకు తిండి దొరకని పచ్చదనాన్నే ఎంచుకోవాలి. జనుము, బంతి, నువ్వు ఆ కోవలోవి. బంతి వేళ్ళలోని రసాయనం నులిపురుగును అణచివేస్తుంది. అయితే గట్టున నాలుగు బంతి మొక్కలు పెడితే ఆ ఫలితం రాదు. మడి నిండా దట్టంగా వేసి కనీసం రెండు నెలలు పెరగనివ్వాలి. ఆ మడిలో కామంచి, ఉమ్మెత్త వంటి కలుపు ఒక్కటి మిగిలినా పని చెడుతుంది, అవి టమాటా, వంగల కుటుంబంవే.

కుండీల మట్టి వేరే లెక్క

మిద్దె తోటలో నేల చూపే ఓర్పు ఉండదు. కుండీలోని వేళ్ళు పోవడానికి చోటు లేక అంచు చుట్టూ చాపలా అల్లుకుంటాయి. ఆ చాపను వదిలి కొత్త నారు నాటితే నీళ్ళు మధ్యకు దిగవు. అందుకని మంచి వేళ్ళయినా కుండీలో కోసి వదలడం కంటే, బోర్లించి, ముద్దను విడదీసి, పెద్ద వేళ్ళను ఏరడం మంచిది. కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువగా ఉన్న మిశ్రమం కాపు చివరికి కుదించుకుపోతుంది. నిండుగా ఉన్న సంచిలో మట్టి బెత్తెడు దిగిందంటే అంత సేంద్రియ పదార్థం ఖర్చయిందని గుర్తు. అంచుల మీద తెల్లని పొర కడితే అది బోరు నీటి ఉప్పు, ఎరువుల ఉప్పు. అడుగు చిల్లుల గుండా నీళ్ళు ధారగా పోయేలా రెండు మూడుసార్లు మంచి నీటితో కడిగితే చాలావరకు పోతుంది. వాననీరు పట్టి ఉంచుకున్నవారికి ఇది తేలిక.

ఉడికించే పనిలో మాత్రం మిద్దెదే పైచేయి. తడి మట్టిని పారదర్శక సంచుల్లో జానెడు మందాన నింపి, మూతికట్టి, డాబా మీద పరిస్తే పైనుంచి ఎండ, కింద నుంచి కాగిన కాంక్రీటు రెండూ పనిచేస్తాయి. నేలలో లోతుకు దిగని వేడి ఇక్కడ సంచి మొత్తాన్నీ చేరుతుంది. నులిపురుగు పట్టిన కుండీల మట్టిని పారేయాల్సిన అవసరం లేకుండా చేసే పద్ధతి ఇది. కొత్త ఎర్రమట్టి కొని నాలుగో అంతస్తుకు మోయించే ఖర్చుతో పోలిస్తే నాలుగు వారాల ఓపిక చవక.

విత్తనం, మొండి మొక్కలు

తోట తీసేటప్పుడు చెట్టున మిగిలిన చివరి కాయను విత్తనానికి ఉంచడం అలవాటు. అది తినడానికి పనికిరానిది కాబట్టి మిగిలింది, మేలైనది కాబట్టి కాదు. విత్తనపు కాయను కాపు మంచి ఊపులో ఉన్నప్పుడే, తెగులు లేని చెట్టుకు గుర్తు దారం కట్టి వదలాలి. అప్పుడు తోట తీసే నాటికి బెండ గోధుమరంగుకు తిరిగి పగులుతుంది, బీర గలగలమంటుంది, వంగ పసుపు పండుతుంది. టమాటా గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది. గుజ్జును ఒకటి రెండు రోజులు పులియనిచ్చి కడిగితే మంచి గింజ అడుగుకు చేరుతుంది. చేదు బీర, చేదు దోస కాసిన పాదు విత్తనం ఎంత నిగనిగలాడినా ఉంచకూడదు, ఆ చేదు తర్వాతి తరానికి దిగుతుంది. సంకర రకాల విత్తనం ఉంచినా తల్లిలాంటి కాపు రాదు.

అన్నీ తీసేయాల్సినవీ కావు. పుచ్చు, వెర్రి తెగులు లేని వంగను నేల నుంచి జానెడు వదిలి కత్తిరించి ఎరువు వేస్తే కొత్త చిగుళ్ళతో మళ్ళీ కాస్తుంది. దొండ తీగను కోసినా మొదలు బతికే ఉంటుంది. కంద, చేమ, పసుపు ఆకు ఎండినా కింద గడ్డ నిద్రపోతుంది, పలుగు దించే ముందు అవి ఎక్కడున్నాయో పుల్ల గుచ్చి పెట్టుకోవాలి.

ఉడికించిన మడి నిజంగా బాగుపడిందో లేదో తెలుసుకోవడానికి అందులో నారు నాటేదాకా ఆగనక్కరలేదు. మే మొదటి వారంలోగా పట్టా తీసి, ఆ మట్టిని నాలుగు చోట్ల నుంచి చిన్న కుండీలోకి తీసుకుని, అందులో నాలుగు బెండ గింజలు వేసి నీడపట్టున పెంచాలి. నాలుగైదు వారాల తర్వాత, జూన్ రెండో వారానికి, ఆ మొక్కలను తవ్వి బక్కెట్ నీళ్ళలో వేళ్ళు కడిగి చూడాలి. నునుపుగా ఉంటే ఆ మడిలో టమాటా నారు పెట్టుకోవచ్చు. ఒక్క బుడిపె కనిపించినా ఈ వానాకాలానికి ఆ మడి బంతికి వదలాలి.